మూడో చాయ్

ఆదివారం, నాచారం

ఇయ్యాల ఉప్పల్‌ల దోస్తు సుధాకర్ ఇంట్ల మళ్ల అదే లొల్లి. "పెండ్లాన్ని కొట్టిన రాక్ సింగర్ గొప్పోడెట్లయితడు?" అని నేను గట్టిగనే అడిగిన. "మనిషితోని మనకేం పని? పాట సూడు" అన్నడు వాడు. చాయ్ తెస్తున్న వాని భార్య లత గడపలనే ఆగింది. ఆఖరికి వాడు ఓడిపోయి మొఖం మాడ్చుకున్నడు.

నేను లేస్తుంటే లత, "ఇంకో చాయ్ తాగి పోరాదు అన్నా" అన్నది. తాగిన. మూడోది గూడ తాగుమంటే నవ్వి వచ్చేసిన.

మెట్లు దిగుతుంటే పైన ఆ సింగర్ పాట సౌండు ఒక్కసారిగ పెరిగింది. కింది ఇంటి ముసలామె కిటికీ మూసుకుంట, "సౌండు పెంచిండంటే ఆ పిల్లకు మూడినట్టే బిడ్డా" అన్నది.

మనకేం పని అనుకోని నేను గూడ బండెక్కిన. ఇప్పుడు ఫోన్ జేస్తే ఇద్దరూ ఎత్తుతలేరు.