తాతగారి తల మీద మొట్టికాయ

వోటె, మంగళవారం

నైరోబీ గ్యాలరీ మేనేజరు నెకెసా మేడం గారికి, వోటె బడి టీచరు న్జియోకా తలవంచుకుని రాసేది.

మా నాన్న నన్ను చిన్నప్పుడు తీసుకొచ్చి చూపించిన మీ పాత గ్యాలరీకే మొన్న శనివారం మా ఐదో తరగతి పిల్లల్ని తీసుకొచ్చాను. లోపలి గదిలో, మసక వెలుతురులో, ముక్కాలిపీట మీద ముసలాయన చెక్కబొమ్మ కనబడింది. "చూడండర్రా, మన కంబా తెగ వాళ్ల పనితనం! చేవ ఎంత గట్టిదో వినండి" అంటూ బట్టతల మీద టకటకా కొట్టాను.

బొమ్మ కళ్లు తెరిచి "ఎవడ్రా అది?" అంది.

పిల్లల్ని బస్సులోకి తోలేశాను. మనసొప్పక ఒక్కణ్ణే తిరిగొచ్చి, ఆయన మోకాళ్ల ముందు తలెత్తకుండా నిలబడి క్షమించమన్నాను. చాలాసేపు ఏడ్చాను కూడా. ఆయన పలకలేదు. అంత కోపమా? మీరైనా నచ్చచెప్పండి.

ఇట్లు, సిగ్గుతో,
న్జియోకా

తా.క.: శబ్దం మాత్రం అచ్చం చేవకర్రలాగే వచ్చింది. ఈ మాట ఆయనకు చెప్పకండి.

*

నైరోబీ, శుక్రవారం

న్జియోకా మాస్టారికి నమస్కారం.

ఆ గదిలో రోజూ కూర్చునేది మా కాపలాదారు ఒకెలో ఒక్కడే. అడిగితే, తననెవరూ కొట్టలేదనీ, డ్యూటీలో ఏనాడూ కునుకు తీయలేదనీ ఒట్టేశాడు. మీరు తన ఉద్యోగానికి ఎసరు పెడుతున్నారని కుర్చీ వెనక్కిచ్చేసి, పొద్దస్తమానం కళ్లు పెద్దవి చేసుకుని నిలబడుతున్నాడు.

ఇట్లు,
నెకెసా

తా.క.: నిన్న ఒకావిడ అతన్ని చూసి వెల ఎంతని అడిగింది.

*

వోటె, సోమవారం

మేడం గారికి దండాలు.

అయ్యో, ఒకెలో గారి కుర్చీ ఆయనకిచ్చేయండి! నేను కొట్టింది వేరే ఆయన్ని. బూడిదరంగు కోటు, చేతికర్ర.

ఇక్కడ నా బతుకు నవ్వులపాలైంది. నేను తరగతిలోకి రాగానే పిల్లలు బల్లల మీద టకటకలాడించి "ఎవడ్రా అది?" అంటున్నారు. శుక్రవారం హెడ్మాస్టరు గారూ అన్నారు.

బస్సులో బుట్టెడు మామిడిపళ్లు పంపుతున్నాను. తాతగారికిచ్చి, తిట్టయినా సరే, ఒక్క మాట అనమనండి. ఆయన మౌనం గుర్తొస్తే అన్నం దిగడం లేదు.

ఇట్లు, మొహం చెల్లని
న్జియోకా

తా.క.: పైన మాగినవి తాతగారికి, అడుగున కాయలు ఒకెలో గారికి. ఛ, వద్దులెండి. చెరిసగం పంచండి.

*

నైరోబీ, గురువారం

న్జియోకా మాస్టారికి,

పళ్లొచ్చిన రోజే తాతగారూ వచ్చారు. పేరు కిలోంజో, చెక్కపని ఆయన. మా దగ్గర పీట మీద కూర్చున్నట్టుండే, మనిషంత ముసలాయన బొమ్మ ఆయన చెక్కిందే. నగరానికొచ్చినప్పుడల్లా దాని పక్క పీట మీదే కునుకు తీస్తారట, నాకిన్నాళ్లూ తెలియదు. మీరు కొట్టింది ఆయన్నే. కొట్టాక లేచి మంచినీళ్లకు వెళ్లారు.

మీరు తిరిగొచ్చి తలెత్తకుండా క్షమాపణ అడిగింది బొమ్మని.

ఆయన గ్లాసు పట్టుకుని మీ వెనకే నిలబడి అంతా విన్నారట. "పిలవకపోయారా తాతా?" అని కసిరాను.

"ఎలా పిలవనమ్మా? నా బొమ్మ ముందు ఒకడు ప్రాణమున్న మనిషి ముందు ఏడ్చినట్టు ఏడుస్తుంటే! దగ్గొస్తే కూడా ఆపుకున్నా" అన్నారు.

కోపమేమీ లేదు. పైగా చాటుగా విన్నందుకు ఆయనే సిగ్గుపడుతున్నారు. మిమ్మల్ని చూడాలట, తప్పక రండి.

ఇట్లు,
నెకెసా

తా.క.: ఈసారి ముందు తల మీద కొట్టి చూసుకుని, తర్వాత మాట్లాడమన్నారు.