స్లాష్ వంగు

కంప్యూటరు ఆటల కంపెనీ పెద్దలకు, కోర్టులో ముప్ఫైతొమ్మిదేళ్ళు టైపు కొట్టి రిటైరైనవాడు విన్నవించుకునేది —

మీ ఆటలో నా మనిషి వంగడం లేదు.

నేను ఆటలాడే వయసువాణ్ణి కాను. నాకు అరవై ఎనిమిది. మా చెల్లెలు రెండేళ్ళుగా నాతో మాట్లాడటం లేదు. ఫోను ఎత్తదు. ఉత్తరం రాస్తే విప్పకుండా తిప్పి పంపిస్తుంది. సాయంత్రమైతే మీ ఆటలో, ఊరి మధ్య ఫౌంటెను గట్టు మీద, ఆకుపచ్చ అంగీ మంత్రగత్తె వేషంలో కూర్చుంటుందని మా బావగారు చాటుగా చెప్పారు. అందుకని నేనూ చేరాను. గుర్తుపడుతుందని, ఇంట్లో నన్ను పిలిచే 'టకటక' అన్న పేరే పెట్టుకున్నాను.

తప్పు నాది. వంగి క్షమాపణ చెప్పుకుందామని మీరు రాసిపెట్టినట్టే స్లాష్ గీత కొట్టి, పక్కన 'వంగు' అని కొడుతున్నాను. నా మనిషి రాటలా నిలబడి ఉంటాడు. ఇన్నాళ్ళూ నాకే వంగడం చేతకాలేదు. బొమ్మకి కూడా రాకపోతే నేనేమైపోను?

ఇట్లు,
నిలబడిపోయినవాడు

తా.క. నేను అలా కొట్టినప్పుడల్లా చుట్టుపక్కలవాళ్ళు వంగుతున్నారు. ఇది మర్యాదా, ఎగతాళా?

* * *

ప్రియమైన ఆటగాడు టకటక గారికి,

మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. దయచేసి ఒకసారి ఆపి, మళ్ళీ మొదలుపెట్టండి. స్లాష్ వంగు అంటే మీ మనిషి వంగుతాడు. స్లాష్ ఏడువు అంటే ఏడుస్తాడు. స్లాష్ గుసగుస అని కొట్టి, అవతలివారి పేరు, ఆ పక్కన మీ మాట రాస్తే అది ఆ ఒక్కరికే కనబడుతుంది. కుటుంబ విషయాలకి గుసగుసే మంచిదని మా సలహా.

సదా మీ సేవలో,
సహాయ విభాగం, మూడో బల్ల

తా.క. దయచేసి రిజిస్టరు పోస్టులో పంపకండి. కవరు మీద టైపు చూసి కోర్టు నోటీసనుకుని మా మేనేజరు గారు రెండు రోజులు సెలవు పెట్టారు.

* * *

మూడో బల్ల వారికి,

ఆపి మొదలుపెట్టాను. ఏది ఆపాలో మీరు చెప్పలేదు కనక ఇంటి మెయిను ఆపాను. ఫ్రిజ్జులో పాలు విరిగిపోయాయి. నా మనిషి వంగలేదు.

గుసగుస మొదలుపెట్టి పదకొండు రోజులైంది. "చెల్లీ, నన్ను నమ్మి నీ పుస్తకం టైపుకిచ్చావు. ఆరో అధ్యాయం పదిహేడు పేజీలూ నీకు చెప్పకుండా తీసేశాను. అచ్చయ్యాక గాని నీకు తెలియలేదు. అది నా గురించని తీసేశాను. క్షమించు." రోజూ ఇదే. తను తల తిప్పదు. సరే, నా ఖర్మ.

కానీ నిన్న గొడ్డలి పట్టుకున్న రాక్షసుడొకడు నా దగ్గరకొచ్చి, "అన్నయ్యా, ఆ ఆరో అధ్యాయం నువ్వు తియ్యకుండా ఉండాల్సింది" అన్నాడు. వాడికెవరు చెప్పారండీ? కప్ప మీదెక్కి తిరిగే ఆవిడ "ఇంతకీ అందులో ఏముంది బాబాయి గారూ?" అని నా వెంట పడుతోంది. మా ఇంటి గుట్టు మీ ఆఫీసులోంచే పొక్కింది. నా పరువు గంగలో కలిసింది.

ఇట్లు,
బజారున పడ్డవాడు

తా.క. ఫౌంటెను దగ్గర ఓట్లు పెట్టారు. తప్పు నాదన్నవాళ్ళు అరవై ఒక్కమంది. కాదన్నవాడు ఒక్కడు. వాడు బాణాలమ్మే బొమ్మట, వాడి వెనక మనిషే లేడట.

* * *

టకటక గారికి,

మా ఆఫీసులోంచి ఏమీ పొక్కలేదండీ. మీరే చెప్పారు, పదకొండు రోజులూ, ఊరందరికీ కనబడేలా.

మీరు కొట్టిన మాటలన్నీ తీయించి చూశాను. ప్రతి వరుసకీ ముందు ఐదు ఖాళీలున్నాయి. వరుసలో స్లాష్ మొట్టమొదట ఉంటేనే ఆట దాన్ని ఆజ్ఞగా తీసుకుంటుంది. దాని ముందు ఒక్క ఖాళీ ఉన్నా, మామూలు మాటే అనుకుని అందరికీ చూపించేస్తుంది. మీ గుసగుసలన్నీ అలా దండోరా అయ్యాయి. 'వంగు' అన్నది వాళ్ళకి హుకుంలా కనబడింది. పాపం, వంగారు.

ఆ ఐదు ఖాళీలు ఎందుకు పెడుతున్నారండీ? నేనూ ఒక అన్నయ్యకి చెల్లెల్నే. మీ వరుసలు చదువుతూ మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను.

విచారంతో,
మూడో బల్ల

తా.క. ఆ అధ్యాయంలో ఏముంది? నేను కాదు, ఐదో బల్ల ఆవిడ అడుగుతోంది.

* * *

అమ్మా,

ఎందుకని అడుగుతారా? పేరా మొదట ఐదు ఖాళీలు వదలాలి! ఉద్యోగంలో చేరిన మొదటి వారం, నాలుగే వదిలానని జడ్జి గారు ముప్ఫై పేజీల తీర్పు అందరి ముందూ నా మొహాన విసిరికొట్టారు. ఆనాటి నుంచి చాకలి పద్దు రాసినా ఐదు ఖాళీలే. ఖాళీ మీట నొక్కే నా బొటనవేలు నన్నడగదు, దాని పని అది చేసుకుపోతుంది.

అది పోనివ్వండి. ఊరందరికీ కనబడిందంటే చెల్లికీ కనబడినట్టే కదా. నడిబజార్లో పదకొండు రోజులు గోడు వెళ్ళబోసుకున్నాను. అదంతా చదివి కూడా అది తల తిప్పలేదు. ఇంక నేను తెలుసుకోవలసింది ఏమీ లేదమ్మా. మా అమ్మకి మేమిద్దరమే. దానికి అరవై దగ్గర పడుతోంది, నాకు దాటిపోయింది. అలిగి కూర్చోవడానికైనా ఎన్నేళ్ళు మిగిలాయి? అయిపోయింది. నా ఖాతా మూసెయ్యండి.

ఇట్లు,
'టకటక' అని పిలిచే దిక్కు లేనివాడు

తా.క. మూసేముందు నా మనిషిని ఫౌంటెనుకి దూరంగా జరపండి. మా చెల్లికి అడ్డంగా వద్దు.

* * *

బాబాయి గారికి,

మూయలేదు.

ఇది చెబితే నా ఉద్యోగం ఊడుతుంది. అయినా చెబుతున్నాను. మొదటి సాయంత్రం మీరు మొట్టమొదటి 'వంగు' కొట్టిన నిమిషానికే ఆవిడ మిమ్మల్ని 'వినను' జాబితాలో పెట్టారు. అందులో పెడితే ఇక ఆ మనిషి మాట ఒక్కటీ వాళ్ళకి కనబడదు. మీ క్షమాపణ ఊళ్ళో నాలుగొందల మంది చదివారు. చదవనిది ఆవిడ ఒక్కరే.

కానీ మాటలే దాగుతాయి, మనిషి దాగడు. అప్పట్నుంచీ తన ఎదురుగా మీరు నోరు మూసుకుని, నిటారుగా నిలబడ్డట్టే ఆవిడకి కనబడింది. ఎలా ఉండి ఉంటుందో మీరే ఆలోచించండి. మీరు నిజంగా వంగితే మాత్రం కనబడుతుంది. దయచేసి, ఖాళీ వదలకుండా, అంచుకి కొట్టండి.

మీ మంచి కోరే,
మూడో బల్ల

తా.క. బొటనవేలికి గుడ్డ చుట్టండి.

* * *

అమ్మా,

ఈ ఉత్తరంలో ఏ పేరాకీ ఖాళీ వదల్లేదు. చూసుకోండి. నాకైతే చూడటానికే ప్రాణం ఒప్పడం లేదు.

బొటనవేలికి గుడ్డ చుట్టుకుని కొట్టాను. నా మనిషి నడుం దాకా వంగాడు. మళ్ళీ కొట్టాను. పేజీకి ఒకటి చొప్పున పదిహేడు సార్లు. పదిహేడోసారి నా మనిషి తలెత్తేసరికి చెల్లి నా వైపు తిరిగి ఉంది.

"ఖాళీలు ఏవి?" అంది. ఖాళీలుంటే మనిషి వంగడని దానికీ తెలుసు. రెండేళ్ళ తర్వాత మొదటి మాట అది.

ఆరో అధ్యాయంలో ఏముందని అడిగారు కదా. జడ్జి గారు తీర్పు విసిరికొట్టిన సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి, పదేళ్ళ పిల్ల మా చెల్లి, తను రాసిన మొట్టమొదటి కథ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తీసుకున్నాను. పేరాలకి ఖాళీలు లేవు. ఒక్క ముక్క చదవకుండా చించి పారేశాను. అంతే. దాని మీదే పదిహేడు పేజీలు రాసింది. తిట్టి ఉంటే టైపు కొట్టేవాణ్ణి. ఒక్క తిట్టు లేదమ్మా. తట్టుకోలేక తీసేశాను. అలా దాని రాత రెండుసార్లు చించాను.

మొదటి సాయంత్రం నా వరుసకి ముందు ఆ ఐదు ఖాళీలు చూసిందట. "క్షమాపణకి కూడా మార్జిను చూసుకునే వచ్చావనుకున్నాను" అంది. అందుకే 'వినను'లో పెట్టిందట.

ఇంకా తియ్యలేదు. "ఆ పదిహేడు పేజీలూ టైపు కొట్టి పంపు. అప్పుడు వింటాను" అని వెళ్ళిపోయింది. నేను చెప్పాలనుకున్నవన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. దాని చేతిరాత ప్రతి నా బీరువాలోనే ఉంది. పారెయ్యడానికి చేతులు రాలేదు, మళ్ళీ విప్పడానికీ రాలేదు. ఇప్పుడు విప్పాను. పొద్దుట్నుంచి కొడుతున్నాను. నాలుగు పేజీలే అయ్యాయి. కళ్ళకి అక్షరాలు ఆనడం లేదు.

ఇట్లు,
ఇంకా వినబడనివాడు

తా.క. నాలుగో పేజీలో "అన్నయ్య నా కథని రెండు ముక్కలు చేశాడు" అని రాసింది. రెండు కాదు, నాలుగు. ఆ ముక్కలు ఎత్తి పొయ్యిలో పడేసింది నేనే, నాకు తెలియదా? నా జన్మలో మొదటిసారి, తప్పని తెలిసీ దిద్దకుండా, అది రాసింది రాసినట్టే కొట్టాను.