ఆ గురువారం నేను చెప్పిన మాట

ఫిబ్రవరి 7, గురువారం

ఇవాళ ప్రార్థన కూడికకు పదకొండుమంది వచ్చారు. ఈ చలిగాలిలో అదే ఎక్కువ. బైబిల్లో యాకోబు పత్రిక చివరి అధ్యాయం చెప్పాను. జబ్బుపడినవాళ్లకు పెద్దలు నూనె రాసి ప్రార్థన చెయ్యడం గురించి. బాగా చెప్పాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి దాచడమెందుకు, చాలా బాగా చెప్పాను. ఇదే ప్రార్థన మందిరంలో, ఇదే బల్ల దగ్గర మా నాన్న ముప్ఫై ఏళ్లు వాక్యం చెప్పాడు. ఆయన చెబుతుంటే సగంమంది కునికేవాళ్లు. ఆయన కూతుర్ని, నేను చెబితే కునకరు.

ఒక మాట అన్నాను. దేవుణ్ణి తలుపు తియ్యమని అడిగి, జేబులో ఇంకో తాళంచెవి పెట్టుకుంటే అది విశ్వాసం ఎలా అవుతుంది అని. నా స్నేహితురాలు ఆస్లౌగ్ ఆ మాట తన నోట్‌బుక్‌లో రాసుకుంది. రాసుకోవడం చూసి లోలోపల పొంగిపోయాను.

ఫిబ్రవరి 8

పొద్దున్నే ఆస్లౌగ్ వచ్చింది. చేతిలో వేడి రొట్టె. మా ఇద్దరికీ నలభై ఏళ్ల స్నేహం, ఏ కారణం లేకుండా రొట్టె తేదు. కూర్చున్నాక చెప్పింది. ఎడమ రొమ్ములో గడ్డ. బుధవారం రిపోర్ట్ వచ్చిందట. కేన్సరే. ఇరవై ఐదున టౌన్‌లో ఆపరేషన్.

నేను ఏడ్చాను. తను ఏడవలేదు. "రిపోర్ట్ వచ్చిన మర్నాడే నీ నోట ఆ మాట వచ్చింది చూడు. కిందటి వారం చెప్పుంటే మామూలుగా వినేదాన్ని" అంది. గట్టిగా పట్టుకున్నాను. తను ఏమంటోందో అప్పుడు సరిగ్గా వినలేదు.

ఫిబ్రవరి 14, గురువారం

నూనె రాశాం. టోర్గైర్ పెద్దాయనకు ఎనభై దాటాయి, చేతులు వణుకుతాయి, సగం నూనె జాకెట్టు మీద పోశాడు. "నన్ను సలాడ్ చేస్తున్నారా ఏమిటి" అంది ఆస్లౌగ్. అందరం నవ్వాం. తర్వాత అందరం చేతులు వేసి ప్రార్థన చేశాం. అందరికంటే పెద్ద గొంతు నాదే.

ఫిబ్రవరి 22

మధ్యాహ్నం ఐవింద్ వచ్చాడు. ఆస్లౌగ్ మొగుడు. సాల్మన్ చేపల పెంపకంలో పని చేస్తాడు. తన పెళ్లయిన రోజు తర్వాత ప్రార్థన మందిరం గడప తొక్కినవాడు కాదు. బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆపరేషన్ వద్దని హాస్పిటల్‌కి ఫోన్ చేసి చెప్పేసింది" అన్నాడు. ఎందుకే అని అడిగితే జేబులో తాళంచెవి అని ఏదో చెప్పిందట. "తాళాలేమిటో, జేబులేమిటో నాకు తెలీదు. ఆ మాట నీదేనట కదా. నువ్వు అన్నావు, నువ్వే వెనక్కి తీసుకో" అన్నాడు.

కోటు వేసుకుని వెంటనే అతని వెనకాలే వెళ్లాను.

అదే రోజు, సాయంత్రం 5

ఆస్లౌగ్ కిటికీలు తుడుస్తోంది. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే కదా అన్నాను. సర్జన్ చేతులు కూడా దేవుడిచ్చినవే కదా అన్నాను. ఇంకా చాలా అన్నాను. తను గుడ్డ పిండుకుంటూ అంతా విన్నది. "ఇదంతా ఆ గురువారం ఎందుకు చెప్పలేదు?" అంది.

నేను కాఫీ కప్పు చేతిలోకి తీసుకున్నాను.

"భయపడ్డావు, అందుకే ఇప్పుడు చెబుతున్నావు. నాకేం భయం లేదు. కాఫీ తాగు, చల్లారిపోతోంది" అంది.

ఐవింద్ వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. కాఫీ తాగాను.

ఫిబ్రవరి 25

ఆపరేషన్ రోజు. ఆస్లౌగ్ ఇంట్లోనే బంగాళాదుంపల పిండివంట చేసి నాకూ పంపింది. హాస్పిటల్‌కి ఫోన్ చేశాను. ఎవరి గురించీ బయటివాళ్లతో మాట్లాడం అన్నారు. వాళ్లు చెప్పింది సబబే.

మార్చి 10, ఆదివారం

రెండు వారాలకోసారి ఫెర్రీ మీద వచ్చే మా పాస్టర్ కుర్రవాడే. చదువుకున్నవాడు. ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి మొత్తం చెప్పాను. నేనన్న మాట మాత్రం చెప్పలేదు. తర్వాత అదీ చెప్పాను.

అతను ఆస్లౌగ్ ఇంటికి వెళ్లి రెండు గంటలు కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి ఫెర్రీ వెళ్లిపోయింది. మా ఇంట్లో సూప్ తాగుతూ చెప్పాడు. "బైబిల్ తెరిచి ఆ వచనం నా ముందు పెట్టారు. ఇది నువ్వు నమ్ముతావా నమ్మవా అని అడిగారు. నమ్మనని ఎలా అనను?" ఇంకేమన్నారు అన్నాను. "నమ్ముతానంటే, అయితే ఇద్దరం ఒకటే, ఇంక గొడవేముంది అన్నారు" అన్నాడు.

గిన్నెలో చెంచా తిప్పుతూ ఉండిపోయాడు. పాపం, అతనికి ఇరవై తొమ్మిదేళ్లు.

మార్చి 28, గురువారం

రెండు వారాలు కూర్చుని తయారు చేసుకున్న పాఠం ఇది. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లులాంటి బాధ తియ్యమని మూడుసార్లు అడిగాడు, దేవుడు తియ్యలేదు. అడిగినా దొరకని సందర్భాలున్నాయి, విశ్వాసం లేక కాదు, అని నెమ్మదిగా, ఆమె వైపు చూడకుండా చెప్పాను. ఆస్లౌగ్ ప్రతి వాక్యానికీ తలూపింది. నాకు ఆశ పుట్టింది.

ఆఖర్లో లేచి నిలబడింది. సాక్ష్యం చెప్పాలంది. గడ్డ తగ్గిందట. వేళ్లతో తనే చూసుకుందట. టోర్గైర్ కళ్లు తుడుచుకున్నాడు. కొట్టు నడిపే గున్‌వోర్ అయితే లేచి చేతులెత్తింది. అందరూ ఆమెన్ అన్నారు.

నేనూ అన్నాను. ఆ గదిలో అనకుండా ఉండగలిగేవాళ్లు ఉంటారేమో. నేను కాదు.

ఏప్రిల్ 19, శుభ శుక్రవారం

నిజంగానే తగ్గిందేమో. ఎవరికి తెలుసు?

మే 17

జాతీయ దినోత్సవం. ఊరేగింపులో ఆస్లౌగ్ నా పక్కనే నడిచింది. పండుగ దుస్తులు వదులైపోయి నడుము దగ్గర పిన్నులు పెట్టుకుంది. సన్నబడ్డావు అన్నాను. "అరవైలో నడుము వచ్చింది, కుళ్లుకోకు" అంది.

ఐస్‌క్రీమ్ దగ్గర ఐవింద్ ఎదురయ్యాడు. "ఇంట్లో మాత్రలు మింగేది నేనొక్కడినే. రోగిష్టివాణ్ణి నేనే" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. నేను ఐస్‌క్రీమ్ కొనకుండానే వచ్చేశాను.

జూన్ 20, గురువారం

ఇవాళ చెప్పేశాను. కూడికకు ముందే వెళ్లి, తోటలో తను క్యారెట్ మళ్లలో గడ్డి పీకుతుంటే పక్కన నిలబడి చెప్పాను.

ఆ తాళంచెవి మాట దేవుడిచ్చింది కాదు ఆస్లౌగ్, అన్నాను. ఆ రోజు సాయంత్రం అద్దం ముందు తల దువ్వుకుంటుంటే తట్టింది. వినడానికి బాగుందని చెప్పాను. అంతే. మా ఆయన మాగ్నార్‌కు గుండెనొప్పి వచ్చినప్పుడు నేను నూనె సీసా కోసం వెతకలేదు, హాస్పిటల్ హెలికాప్టర్‌కి ఫోన్ చేశాను. ప్రార్థన హెలికాప్టర్ ఎక్కాక చేశాను. నా భర్త విషయంలో నేను పాటించని మాట నీకు చెప్పాను. దాన్ని పట్టుకుని నువ్వు చచ్చిపోతున్నావు. ఇవే మాటలు. నాలుగు నెలలుగా నోట్లో నలుగుతున్నవి.

తను గడ్డి పీకుతూనే ఉంది. తర్వాత నవ్వింది. కోపం వచ్చినా బాగుండేది.

"నాకు తెలియదనుకున్నావా? నలభై ఏళ్లుగా చూస్తున్నాను నీ మొహం. నీకు మాటలొచ్చు, నమ్మకం తక్కువ. ఎప్పుడూ అంతే నువ్వు. ఏం ఫరవాలేదు. నాకున్నది ఇద్దరికీ సరిపోతుంది" అంది.

లేవడానికి చెయ్యి ఇమ్మంది. ఇచ్చాను. ఇదివరకు అలా అడిగేది కాదు.

జులై 11, గురువారం

సెలవులు. కూడిక లేదు. హాయిగా ఉంది. హాయిగా ఉందని రాసుకోవాల్సి వచ్చిందే అని ఏడ్చాను.

ఆగస్టు 29, గురువారం

ఆస్లౌగ్ నడుము నొప్పి అంటోంది. కూడిక అయ్యాక కుర్చీలోంచి లేవలేకపోయింది. ఇద్దరం పట్టుకుని లేపాం. బంగాళాదుంపలు తవ్వాను, అందుకే అంది.

వంటింట్లో కప్పులు కడుగుతుంటే గున్‌వోర్ నా చెవి దగ్గరకొచ్చింది. మనలో ఎవరికో అనుమానం ఉంది హెర్బోర్గ్, అందుకే దేవుడి పని పూర్తి కావడం లేదు, అంది. ఎవరో కనిపెట్టి వాళ్లతో మాట్లాడాలి, నువ్వైతే చక్కగా చెప్పగలవు, అంది.

ఆ మనిషిని నేనే అని చెప్పాలనుకున్నాను. కప్పు తుడిచాను. ఇంకో కప్పు తుడిచాను.

సెప్టెంబర్ 14

గొర్రెల్ని కొండ మీద నుంచి దింపే రోజు. రావద్దంటే ఆస్లౌగ్ వినలేదు. ఏటవాలులో కూడా కాదు, చదునుగా ఉన్నచోట నడుస్తూ నడుస్తూ కూలిపోయింది. తొడ ఎముక దానంతట అదే విరిగింది. ఆ శబ్దం నాకు వినిపించింది.

ఐవింద్ గడ్డిలో కూర్చుని తన ఒళ్లో ఆమె తల పెట్టుకున్నాడు. హెలికాప్టర్ వచ్చేవరకు నలభై నిమిషాలు. నన్ను ప్రార్థన చెయ్యమని ఆమె అడిగింది. ఐవింద్ తలెత్తి, "నువ్వు నోరు మూసుకో" అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తెలియక కోటు తీసి ఆమె కాళ్ల మీద కప్పాను.

సెప్టెంబర్ 19

ఎముకలన్నిటికీ పాకింది. కాలేయానికి కూడా. ఇప్పుడు ఆపరేషన్ అనే మాట లేదు, నొప్పి లేకుండా చూస్తాం అన్నారు. ఫిబ్రవరిలో చేసుంటే అని ఐవింద్ అడిగాడట. డాక్టరమ్మ జవాబు చెప్పకుండా అతని భుజం మీద చెయ్యి వేసిందట. ఇది ఐవింద్ నాకు చెప్పలేదు. అతను నాతో మాట్లాడడం లేదు. నర్సుతో అంటుంటే విన్నాను.

అక్టోబర్ 3, గురువారం

కూడిక మానేసి టౌన్‌లో హాస్పిటల్‌కి వెళ్లాను. ఐవింద్ కింద కాఫీకి వెళ్లేదాకా ఆగి, ఆస్లౌగ్ తలుపు వెయ్యమంది.

"నువ్వు వివరంగా చెప్పగలవు. నాకు చెప్పు. ఎక్కడ తగ్గింది?" అంది.

ఏది? అన్నాను.

"నా విశ్వాసం. ఎక్కడో తగ్గే ఉంటుంది. జూన్‌లో ఒక రాత్రి భయపడ్డాను, డాక్టర్ నంబర్ వెతికాను. ఫోన్ చెయ్యలేదు కానీ వెతికాను. అదేనా?"

ఎంత చిన్నగా అడిగిందో. పరీక్ష తప్పిన పిల్ల అడిగినట్టు.

నీది ఎక్కడా తగ్గలేదు, నేను చెప్పిందే తప్పు, అన్నాను. అలా పనిచేసేది కాదు అది. దేవుడు అలా బేరం పెట్టడు. నువ్వు ఏమీ తప్పు చెయ్యలేదు. నేను చేశాను.

మొహం కిటికీ వైపు తిప్పుకుంది. బయట పార్కింగ్ తప్ప ఏమీ లేదు. అటే చూస్తూ అంది: "అయితే ఈ ఎనిమిది నెలలూ నేను పట్టుకున్నదేమిటి?"

నా బరువు దింపుకుందామని వెళ్లాను. తీసుకెళ్లి ఆమె గుండెల మీద పెట్టాను. నిజం చెప్పడం మంచిదని మా నాన్న నేర్పాడు. ఎవరికి మంచిదో ఆయన చెప్పలేదు.

నర్సు వచ్చింది. నేను బయటికి వచ్చాను.

అక్టోబర్ 5

మళ్లీ వెళ్లాను. ఎలా వెళ్లానో. ఆ విషయం తను ఎత్తలేదు. తల దురదగా ఉంది, కడుగుతావా అంది. నర్సునడిగి బేసిన్ తెచ్చాను. తలగడ తీసి, తువ్వాలు పరిచి, మెల్లిగా. జుట్టు ఎంత పల్చబడిందో. నీళ్లు చెవుల్లోకి పోకుండా చేత్తో అడ్డం పెట్టాను.

కళ్లు మూసుకుని, "ఇన్నేళ్లూ నీకు మాట్లాడటం ఒక్కటే వచ్చనుకున్నాను. ఇది బాగా చేస్తావే, పిచ్చిమొహమా" అంది.

రెండుసార్లు కడిగాను. మూడోసారి అవసరం లేదు, అయినా కడిగాను.

అక్టోబర్ 17, గురువారం

పొద్దున ఏడున్నరకు ఐవింద్ ఫోన్. "పోయింది" అన్నాడు. పెట్టేశాడు.

అక్టోబర్ 24

సమాధి చేశాం. పాస్టర్ వచనం మధ్యలో రెండుసార్లు ఆగి మళ్లీ మొదటినుంచి చదివాడు. అతనిమీద గౌరవం పెరిగింది.

భోజనాల దగ్గర గున్‌వోర్ నా చెయ్యి పట్టుకుంది. మన ప్రార్థన వృథా పోలేదు, ఇప్పుడు ఆస్లౌగ్‌కు సంపూర్ణ స్వస్థత దొరికింది, అంది. ఆమె మొహంలో కపటం లేదు. కళ్ల నిండా నీళ్లు. ఏడాది క్రితం అయితే ఈ మాట నేనే అనేదాన్ని, ఇంకా అందంగా అనేదాన్ని. అందుకే ఆమెను ఏమీ అనలేకపోయాను.

ఐవింద్ వరసలో నిలబడి అందరికీ చెయ్యి ఇచ్చాడు. నా వంతు వచ్చేసరికి టేబుల్ మీద ఏదో సర్దుతూ అటు తిరిగాడు.

అక్టోబర్ 31, గురువారం

ఇక వాక్యం చెప్పనని టోర్గైర్‌తో అన్నాను. కారణం అడగలేదు. ఆయనకు తెలుసు. ఆ నూనె పోసిన చేతులు ఆయనవి. "నేనూ ఆమెన్ అన్నానమ్మా. అందరం అన్నాం. నువ్వొక్కదానివే మొయ్యకు" అన్నాడు. అది ఓదార్పు అని తెలుసు. పంచుకున్నంత మాత్రాన తగ్గలేదు.

నవంబర్ 19, ఉదయం 11

శ్మశానంలో ఐవింద్ సమాధి మీద మట్టి చదును చేస్తున్నాడు. వానకు ఒకవైపు కుంగింది. నన్ను చూసి పొమ్మనలేదు. పార ఆపి, ఏదైనా ప్రార్థన చెప్పు, ఆవిడకు ఇష్టం కదా, అన్నాడు. నోరు తెరిచాను. రావడం లేదు అన్నాను. నాకు ఎలాగూ రాదు అన్నాడు.

పార నా చేతికిచ్చి, బండిలోంచి ఇంకొకటి తెచ్చుకున్నాడు.