ముగ్గు దగ్గరికొచ్చే ఎకిడ్నా

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మన రౌస్ హిల్ ఇంటి గుమ్మం ముందు పెద్ద ముగ్గే వేశాను, మీ ఎకిడ్నా వస్తుందని. నేను దాన్ని ముళ్ళపంది అన్నప్పుడల్లా విసుక్కునేవారు, "అది గుడ్లు పెడుతుందే, పంది పెడుతుందా?" అని. బియ్యప్పిండికి చీమలొచ్చేవి, చీమల కోసం అదొచ్చేది. మీరేమో దానికి మన ఇంటి భోజనం అలవాటైందని మురిసిపోయేవారు.

ఇవాళ ముగ్గు మీదికి ఒక్క చీమ కూడా రాలేదు. పొద్దుటి నుంచీ పడమటి గాలి, వేడిగా, పొగ వాసనతో. మధ్యాహ్నం అదొచ్చింది. నాలుక చాపలేదు, ముగ్గు వైపే పోలేదు. గులాబీ మొక్క పక్కన నాలుగు కాళ్ళతో తవ్వుకుంటూ నిలువునా భూమిలోకి దిగిపోయింది. పైకి ముళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

అప్పుడే పక్కింటాయన కేకేశాడు, అడవి మంట గుట్ట దాటిందని. మన సుమ కారు స్టార్ట్ చేసి, "అమ్మా, లీవ్ ఇట్, కమాన్!" అని ఒకటే అరుపు. నేను తువ్వాలు చుట్టి దాన్ని లాగబోయాను. గోళ్ళు మట్టిలోకి దిగేసి ఇంకా బిగుసుకుంది. మంటొస్తే అది అలా మట్టిలో దాక్కునే బతుకుతుందని, లాగితే రాదని మీరు చెప్పారు. నేనెప్పుడు విన్నాను గనక!

ఇప్పుడు చర్చి హాల్లో కూర్చుని రాస్తున్నాను. ఇల్లుందో లేదో ఎవరూ చెప్పడం లేదు. ఇక్కడి కిటికీల మీద కూడా బూడిద పడుతోంది.

వచ్చేముందు డబ్బాలో ఉన్న పిండి అంతా ఆ ముళ్ళ చుట్టూ పోసొచ్చాను. పైకొచ్చేసరికి దానికి చీమలుండాలి కదండీ.