దోసిలి నీళ్లు

తొర్రూరు,
జూన్ 1981

తమ్ముడు పాండురంగానికి, పొద్దున దీపం ముట్టించి, నీ పేరు తలచుకొని అక్క రాస్తున్నది.

"జర బుద్ధి నేర్పు" అని నీ బిడ్డ సుగుణను నా దగ్గరికి పంపావు. ఏం తప్పు చేసిందో పిల్లే చెప్పింది.

మీ దుకాణంలో షావుకార్లకు గ్లాసుతో నీళ్లిస్తారు, హమాలీ గట్టయ్యకు మాత్రం దోసిట్లో పైనుంచి పోస్తారు. వర్తక సంఘం సభలో నువ్వేమో మనుషులంతా సమానమని ఉపన్యాసమిచ్చి దండ వేయించుకున్నావు. మర్నాడు సేల్స్‌టాక్స్ ఆఫీసరు దాహమంటే సుగుణ చెంబెత్తి, "దోసిలి పట్టుండ్రి సారూ" అన్నదట. ఆయన నవ్వుకుంటూ పట్టి తాగాడట. నువ్వు పిల్లను కొట్టావు.

"గట్టయ్యకు గ్లాసిస్తే నాయిన తిడ్తడు అత్తమ్మా. సమానమంటే ఇంకెట్ల జెయ్యాలె?" అంటున్నది.

ఆ మాటే పూజలో దేవుణ్ణి అడిగాను. ఆయన కూడా నీ పక్షం మాట్లాడలేదు.

సోమవారం బడి తెరుస్తారు. గట్టయ్యకు గ్లాసు ఇవ్వనిదే ఇంటికి రానని సుగుణ మొండికేసింది. నేను నచ్చజెప్పలేదు, చెప్పను కూడా.

ఆదివారం వచ్చి తీసుకుపో. బయలుదేరే ముందు నీ చేత్తో గట్టయ్యకు గ్లాసెడు నీళ్లిచ్చి రా. ఇవ్వకుండానే ఇచ్చానంటే పిల్ల నీ మొహం చూసి పట్టేస్తుంది. దానికి అబద్ధం అలవాటు కాకుండా పెంచింది నువ్వే కదా.

నీ పెద్దక్క