పక్కగదిలో పలుకు

అక్కా,

ఈ చలికి నీ మోకాళ్లు ఎలా ఉన్నాయో ముందు అది రాయి.

మీ మరిది సగంలో వదిలిపోయిన పెట్టెను పూర్తిచేశాను. నవ్వకు. ఇన్నేళ్లూ ఆయన రేడియోలు బాగుచేస్తుంటే పక్కన కూర్చుని టంకం తీగ అందించినదాన్ని, నాకు ఆ మాత్రం చెయ్యి తిరగదా? విడిభాగాల కొట్టాయన ఒక చిప్పు, కొన్ని రెసిస్టర్లు ఇచ్చి, ఏది ఎక్కడ అతకాలో చెప్పాడు. మూత మీద ఐదు జతల ఇత్తడి రేకులు ఆయనే ముందుగా బిగించి ఉంచారు. ఒక్కో జత మీద వేలు ఆనిస్తే ఒక్కో స్వరం పలుకుతుంది. బ్యాటరీ కరెంటేలే, భయపడకు.

ఆపరేషన్‌లో గొంతు పోయాక, నన్ను పిలవాలంటే ఆయన చెంచాతో మంచంపట్టె మీద కొట్టేవారు. జపంలో ఉంటే నేను నోరు విప్పను కదా, అయ్యాక వెళ్లేదాన్ని. కొన్నాళ్లకు కొట్టడం మానేశారు. గోడవైపు తిరిగి, ఒళ్లో ఈ పెట్టె పెట్టుకుని కూర్చునేవారు. కంచం పెట్టినా తల తిప్పేవారు కాదు. నీకెప్పుడూ చెప్పలేదు. నా మీద మనసు విరిగే పోయారని ఇంతకాలం లోపల కుములుతున్నాను.

ఆయన గదికీ దేవుడి గదికీ మధ్య గోడకు కన్నం పెట్టారు, సున్నమంతా పటాల మీద రాలిందని నేను విసుక్కున్నాను, గుర్తుందా? ఇదంతా నన్ను పిలవడానికేననుకుని, పెట్టెను మంచం పక్కన ఉంచి, కన్నంలోంచి తీగ లాగి, స్పీకరు దేవుడి గదిలో పెట్టాను.

అక్కా, అది పిలుస్తోంది. రోజూ ఆయన గది సర్ది, తడిగుడ్డతో తుడిచి, వచ్చి జపానికి కూర్చుంటానా, స్పీకరులోంచి సన్నగా మూలుగు. లేస్తుంది, దిగుతుంది. పరిగెత్తి వెళితే మంచం ఖాళీ. జపం సాగడం లేదు. విప్పేసుకోమని కొట్టాయనకు ఇచ్చేద్దామనుకుంటున్నాను. కానీ ఆయన గొంతు రెండోసారి నేనే తీసేసినట్టవుతుందేమో. ఏం చెయ్యను?

నీ చెల్లి

---

అక్కా,

"బతికున్నన్నాళ్లూ నీ సన్నగొంతు వినబడక 'ఏమందీ?' అని నన్నడిగేవాడు. ఇప్పుడు ఆయన మాట నీకు వినబడుతోందటే?" అని రాశావు. ఏడుస్తూనే నవ్వాను.

కొట్టాయన వచ్చి చూశాడు.

"అమ్మా, దీన్ని తడిగుడ్డతో తుడుస్తున్నారా?"

"దుమ్ము పడితే తుడవనా బాబూ?"

"రేకుల మధ్య తడి ఉంటే వేలు ఆనించినట్టేనమ్మా. ఆరేదాకా మోగుతుంది. దయ్యమూ లేదు, పాడూ లేదు."

దయ్యం లేదంటే సంతోషించాలి కదా. నాకు మాత్రం ఆయన మళ్లీ పోయినట్టయింది.

"రేకులు తిరగేసి బిగించినట్టున్నారమ్మా, వేళ్లు కుదరడం లేదు" అన్నాడు, కుడిచెయ్యి పెట్టి చూస్తూ.

"నేను కాదు, ఆయనే బిగించారు."

"ఆయనా! ఆయన చేతిలో పొరపాటా?"

రేపు వచ్చి తీసుకెళ్లమన్నాను. చివరిసారిగా పెట్టెను ఒళ్లో పెట్టుకుని జపానికి కూర్చున్నాను. కుడిచేతిలో జపమాల. ఊరికే ఉన్న ఎడమచెయ్యి మూత మీద వాలింది. ఐదు వేళ్లూ ఐదు జతల మీద కుదురుగా కూర్చున్నాయి. చిన్నప్పుడు తలుపు సందులో నలిగి వంకరపోయిన నా చిటికెన వేలు కూడా. ఆ జత ఒక్కటీ కాస్త లోపలికి జరిపి ఉంది. మీ మరిది చేతులు చేటలంత. ఆయన వేళ్లకు అది ఎలా కుదురుతుంది?

ఆయన పిలవడానికి కాదక్కా. నేను పలకడానికి. నోరు విప్పకుండా, జపం ఆపకుండా, "ఉన్నాను, వస్తున్నాను" అనడానికి.

స్పీకరు పట్టుకుని ఆయన గదికి వెళ్లాను. తలగడ పైన గోడకు ఒక మేకు. అదెందుకో తెలియక ఇన్నాళ్లూ ఆయన కళ్లజోడు సంచి తగిలించాను. స్పీకరు దానికి సరిగ్గా పట్టింది.

మర్నాడు వచ్చిన కొట్టాయన్ని వట్టి చేతులతో పంపేశాను. ఈ ఉదయం జపం మధ్యలో బొటనవేలు ఆనించాను. గోడకవతల, ఎవరూ లేని గదిలో, నా జన్మలో ఎప్పుడూ లేనంత గట్టిగా పలికాను. ఆ తర్వాత చాలాసేపు చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

నువ్వొకసారి రా. మోకాళ్ల సాకు చెప్పకు. నేను జపంలో ఉండగా ఆ మంచం మీద పడుకుని, చెంచాతో పట్టె మీద కొట్టు. ఒక్కసారైనా వెంటనే పలకాలని ఉంది.

నీ చెల్లి