ముందు గదిలో సీసం

జూలై తొమ్మిది. ముసురు. పని బట్టలు విడిగా ఉతికి ఆరేశాను.

అక్కా,

నీ మరదలు పాపను తీసుకుని ఈ ఉత్తరంతో వస్తుంది. కొన్ని నెలలు పాపను నీ దగ్గర ఉంచుకో. రక్తంలో సీసం చేరింది. ఇనుము కూడా తక్కువే. ఇనుము తక్కువైన ఒంట్లోకి సీసం తొందరగా ఎక్కుతుందని డాక్టరమ్మ చెప్పింది.

"మీరేం పని చేస్తారు?" అని నన్ను అడిగింది.

"పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగిస్తానండి. ఇంటి ముందు గదిలోనే."

"ఆ బట్టలతోనే పిల్లను ఎత్తుకుంటారా?"

"ఆయన ఎత్తుకోవడమేంటండీ, ఇదే కోతిపిల్లలా ఎగిరి మెడకు చుట్టుకుంటుంది" అంది నీ మరదలు.

పాప గోడ పెచ్చులు గీకి తింటుంటే "మా ఇంటి ఎలుకపిల్ల" అని నవ్వేవాళ్ళం. రక్తం తక్కువై అలా తింటుందట. పాపకు వచ్చిన మాటలు నేను పుస్తకంలో రాస్తుంటాను. నిరుడు జూన్ నెలలో కొత్తవి ముప్పై ఒకటి. ఈ ఏడు జూన్‌లో పదకొండే.

మందు వేళకు వెయ్యి. ఖాళీ కడుపుతో ఉంచకు. గుడ్డు, ఆకుకూర, పాలు పెట్టు. మొండికేస్తే కథ చెప్పు, తింటుంది.

పనికి వేరే షెడ్డు చూస్తున్నాను. దొరికాక ఇల్లంతా కడిగి కబురు చేస్తాను.

మొన్న పని ఆపగానే పాప పరిగెత్తుకొచ్చింది. "ఆగు" అని అరిచాను. నిన్న గుమ్మంలోనే నిలబడింది. ఈ రోజు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు చాపాను. నా చేతులు చూసి తల్లి వెనక దాక్కుంది.

బస్సు వేళయింది. సంచిలో పాప చెప్పులు పెట్టి, ఉత్తరం ముగిస్తున్నాను.

నీ తమ్ముడు